తిరిగొచ్చిన డబ్బా

ఫిబ్రవరి 3

చెల్లాయికి,

నీ కొడుకు ఫోటో అందింది. ముందు, ఎవరిదో కవరు పొరపాటున నాకిచ్చారేమో అనుకున్నాను. కళ్ళజోడు తుడుచుకుని చూసినా మెడ ఎక్కడ అయిపోయి భుజం ఎక్కడ మొదలైందో తెలియలేదు. చిన్నప్పుడు గాలి వీస్తే వాణ్ణి పట్టుకోవాల్సి వచ్చేది. అందుకేగా పిచ్చుక అని పేరు పెట్టాను! ఆ పిచ్చుక ఇప్పుడు గుమ్మంలోంచి పక్కకి తిరిగి దూరాల్సిన మనిషయ్యాడు. "ఏడాదిలో ఎంత ఎదిగాడో చూడు" అని ఫోటో వెనక మురిసిపోతూ రాశావు. ఏడాదిలో అంత ఎదిగేది గుమ్మడికాయ, లేదా పుకారు. మనిషి ఎదగడు.

వాడి వెనక అల్మరాలో నల్ల డబ్బాలు వరసగా ఉన్నాయి. భూతద్దం పెట్టి చూస్తే సింహం బొమ్మ కనపడింది. మీ ఆయన జిమ్ములో అమ్ముతున్నవే అయి ఉంటాయి. డబ్బా మీద ఏం రాసి ఉందో చూసి నాకు పంపు.

ఎందుకడుగుతున్నానో నీకు తెలుసు. మందుల పరీక్షశాలలో నా ఉద్యోగం చివరికొచ్చిన రోజుల్లో ఇలాంటి పొడి ఒకటి నా బల్ల మీదికి వచ్చింది. పైన పాల ప్రోటీన్, మూలికలు అని అచ్చేశారు. లోపల స్టెరాయిడ్ ఉంది, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడనిది. రిపోర్టు రాసి ఇచ్చాను. మా డైరెక్టరు, అదే, మేమంతా చిరునవ్వు అని పిలుచుకునే మనిషి, ఎప్పటిలాగే నవ్వి, "ఇది మందు కాదండీ, ఆహారం. మన పరిధిలోకి రాదు" అన్నాడు. ఆ తర్వాత నన్ను సామాన్ల గదికి మార్చాడు. గాజు గొట్టాలు పట్టిన చేతులతో కుర్చీలు, ఫ్యాన్లు లెక్కపెట్టాను. నిన్నటి పేపర్లో ఆ మహానుభావుడు ఎవరికో జ్ఞాపిక ఇస్తున్నాడు. ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. నేను చదివిన ఏ చరిత్ర పుస్తకంలోనూ అంత నిలకడగా నవ్విన నియంత లేడు.

ఇంకా రాయగలను. కాగితం అయిపోయింది.

ఫోటోకి అభినందనలు చెప్పలేని
అన్నయ్య


ఫిబ్రవరి 12

అన్నయ్యకు,

చొక్కాలకి కాజాలు కుడుతూ, నీ ఉత్తరం మిషను మీద పరుచుకుని చదివాను. గుమ్మడికాయ ముక్క ఆయనకి వినిపిస్తే పడీ పడీ నవ్వారు. చిరునవ్వు దగ్గరికొచ్చాక ఆపేశాను. ఆ కథ నాకు కంఠతా వచ్చు, ఎక్కడ నిట్టూరుస్తావో కూడా తెలుసు.

నువ్వడిగావని డబ్బా తిప్పి చూశాను. పాల ప్రోటీన్, మొక్కల సారాలు, విటమిన్లు. "పూర్తిగా సహజం" అని ఆకుపచ్చ అక్షరాల్లో ఉంది. ఇచ్చే అతను చదువుకున్నవాడే, మెడలో కార్డు వేసుకుని వస్తాడు. మా జిమ్ములో సగం మంది ఇదే తాగుతున్నారు. అందరూ బాగానే ఉన్నారు.

వాడు పొద్దున్నే జిమ్ము తలుపు తీసి, వచ్చినవాళ్ళకి బరువులెత్తడం నేర్పిస్తాడు. వచ్చే చలికాలం పోటీలో నిలబడాలని వాడి పట్టుదల. వాడి చొక్కాలు వదులు చెయ్యలేక చస్తున్నాను, కుట్టులోపలి గుడ్డ మొత్తం అయిపోయింది. తల్లికి ఇంతకంటే మంచి కష్టం ఏముంటుంది చెప్పు?

ఒక్కటి అడుగుతాను. పిచ్చుక అనకు. నీ కవరు చూసి, "మామయ్య ఇంకా నన్ను పిచ్చుకనే అంటున్నాడా?" అని అడిగాడు. లేదని అబద్ధమాడాను.

మీ బావ ఏమన్నారో తెలుసా? "మీ అన్నయ్యకి కూడా ఓ డబ్బా పంపిద్దామే. ఎముకల మీద కాస్త కండ పడితే ఆ కోపం తగ్గుతుంది" అన్నారు. నవ్వు రాకపోతే నా మీద ఒట్టు.

పాలు తాగి పడుకో.

నీ చెల్లి


ఫిబ్రవరి 25

చెల్లాయికి,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. కోపంలో ఉండగా ఉత్తరం విప్పనని, సొరుగులో పడేస్తానని నీకు తెలుసుగా. ఫోన్లో అరుచుకుంటున్నాం, ఇక మీదట రాసుకుందామని షరతు పెట్టింది నువ్వు. చల్లారాక చదువుతాననే షరతు నాది. ఈసారి చదివాక మళ్ళీ మండింది.

నవ్వు రాలేదు. మీ ఆయన అందరి చేతా బరువులెత్తిస్తాడు, తన బుర్ర చేత మాత్రం ఓ చిన్న డంబెల్ కూడా ఎత్తించడు. పెళ్ళిచూపుల నాడే చెప్పాను, ఈ మనిషికి అద్దం తప్ప వేరే పుస్తకం లేదని. విన్నారా ఎవరైనా? పూర్వం రాజులకి విషం పెట్టేవాళ్ళు చాటుగా, భయపడుతూ పెట్టేవారు. మీ ఆయన ఎదురుగా అల్మరాలో అలంకరించి పెట్టాడు, అదీ కన్న కొడుక్కి.

మెడలో కార్డు ఉందిట! చిరునవ్వు మెడలో కూడా ఉండేది.

డబ్బా మీద ఏం రాశారన్నది కాదు, ఏం రాయలేదన్నది చూడాలి. ఇలాంటి పొడులు దుకాణానికి వచ్చే ముందు ఎవరూ పరీక్షించరు. లోపల కలిపినవాడికి తప్ప ఎవరికీ తెలియదు. వాడి వీపు మీద మొటిమలు లేచాయా? చిన్న మాటకే గయ్యిమంటున్నాడా? ఛాతీ ముట్టుకుంటే నొప్పంటున్నాడా? ఇక ఒళ్ళంతా దురద, కళ్ళు పచ్చబడటం మొదలైతే కాలేయం దెబ్బతింటున్నట్టే, ఆ క్షణమే ఆపించి ఆసుపత్రికి పరుగెత్తు. ఇదంతా మీ ఆయనకి చెప్పినా ఎక్కదు. ఎక్కడానికి లోపల చోటుండాలిగా.

ఆ డబ్బా గనక నా గుమ్మం తొక్కితే, వచ్చిన దారినే వెనక్కి తిప్పుతాను.

పిచ్చుకని పిచ్చుక అనక గద్ద అనమంటావా?

అన్నయ్య


మార్చి 5

అన్నయ్యా,

నీ ఉత్తరం నాకంటే ముందు ఆయన చేతిలో పడింది. జిమ్ములో బల్ల మీద కూర్చుని మొత్తం చదివారు. నాకిచ్చి, "మీ అన్నయ్య బాగా రాస్తాడు" అన్నారు. అంతే. ఆ పూట అన్నం తినలేదు.

నువ్వు మా వాడి గురించి రాశావో, ఆయన గురించి రాశావో, చిరునవ్వు గురించి రాశావో నాకు అర్థం కాలేదు. ముగ్గురినీ ఒకే కత్తెరతో కత్తిరించావు. వాడి మీద ప్రేమ ఉంటే వాడి గురించి రాయాలి. మధ్యలో పెళ్ళిచూపులెందుకు? ఆ అద్దం చూసుకునే మనిషే అమ్మ మంచాన పడితే ఎత్తి కూర్చోబెట్టాడు. నువ్వు వచ్చి, పక్కన కూర్చుని, పుస్తకం చదువుకున్నావు.

కొన్నాళ్ళు నాకు రాయకు.

చెల్లి


మార్చి 18

అన్నయ్యా,

రాయకు అన్నదాన్ని నేనే రాస్తున్నాను. కోపం తర్వాత పడదాం.

నిన్న వాడికి కొత్త చొక్కా కొలుద్దామని టేపు ఛాతీ చుట్టూ వేశాను. అబ్బా అని నా చెయ్యి విదిలించి కొట్టాడు. బనీను విప్పమంటే విప్పనన్నాడు. బతిమాలితే విప్పాడు. వీపంతా ఎర్రగా లేచి ఉంది. చేతుల మీద గోకిన గీతలు. ఎన్నాళ్ళ నుంచిరా అంటే గోడని గుద్దాడు, సున్నం రాలింది. వాడు చీమని కూడా పక్కకి తప్పించి నడిచే పిల్లాడు అన్నయ్యా. తర్వాత వాడే వచ్చి, చీపురు తీసుకుని, ఆ సున్నం ఊడ్చాడు.

కళ్ళు పచ్చగా లేవు. కిటికీ దగ్గరకి తీసుకెళ్ళి చూశాను.

వాడు తాగుతున్న డబ్బా నీకు పంపుతున్నాను. మూత తీసి సగం వాడినదే. నీతో పనిచేసినవాళ్ళు ఎవరైనా ఇంకా ఆ పరీక్షశాలలో ఉంటే ఒక్కసారి చూపించు. ఆయనకి చెప్పలేదు. గుడ్డలో పెట్టి కుట్టేశాను, నీకు చొక్కా పంపుతున్నాననుకుని చిరునామా ఆయనే రాశారు. రోజూ నా పార్సిళ్ళు ఇచ్చొచ్చేది ఆయనేగా. కుట్టేశాక గుర్తొచ్చింది లోపల చీటీ పెట్టలేదని. అందుకే ఇది విడిగా రాస్తున్నాను.

నీ నుంచి కబురు వచ్చేదాకా ఆ పొడి ముట్టుకోవద్దని వాడికి చెప్పాను. ముందు నా మాట వినలేదు గానీ, నీ పేరు చెప్పేసరికి ఆగాడు. "మామయ్య చూసి ఏమీ లేదంటే?" అన్నాడు. "అప్పుడు తాగు, నేనే కలిపిస్తాను" అన్నాను. "మామయ్య చెబితే సరే" అన్నాడు.

పెద్ద ఉత్తరం వద్దు. బాగుందనో, బాగాలేదనో ఒక్క మాట రాయి చాలు.

చెల్లి


ఏప్రిల్ 8

అన్నయ్యకు,

డబ్బా వచ్చింది. ఎంత బరువు దిగిందో చెప్పలేను.

వాడే గుడ్డ విప్పాడు. చీటీ ఏమైనా ఉందేమోనని గుడ్డ దులిపి, డబ్బా తలకిందులు చేసి కూడా చూశాడు. ఏమీ లేదు. "మామయ్య ఏమీ రాయలేదేంటమ్మా?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. "తప్పేదైనా దొరికి ఉంటే మీ మామయ్య ఊరుకునేవాడా? ఆరు పేజీలు మీ నాన్న మీద, నాలుగు పేజీలు చిరునవ్వు మీద రాసేవాడు. దొరకలేదు కాబట్టే నోరు మెదపకుండా పంపేశాడు. ఓడిపోయానని ఒప్పుకోవడం మీ మామయ్యకి రాదు" అన్నాను.

ఆ సాయంత్రమే పాలలో కలిపి నేనే ఇచ్చాను. అంత డబ్బా పారబోయడం ఎందుకని దాన్నే ముందు తాగమన్నాను. నెమ్మదిగా తాగి, గ్లాసు కడిగి పెట్టాడు. ఈ మధ్య దురద కూడా తగ్గింది. సబ్బు మార్చాను, అదే కారణం అనుకుంటా.

ఆయనకి నీ మీద కోపం పోయింది. మీ అన్నయ్యని ఓసారి రమ్మను, బరువులెత్తమని అడగనులే అన్నారు.

కోపంలో ఏదో అన్నాను, అమ్మ సంగతి. మనసులో పెట్టుకోకు.

నీ చెల్లి


ఏప్రిల్ 23

చెల్లీ,

ఆపించు. ఈ కాగితం చేతిలో ఉండగానే ఆపించు. నేను ఏమీ పరీక్షించలేదు.

డబ్బా వచ్చిన రోజు గుడ్డ మీద మీ ఆయన చేతిరాత చూశాను. విప్పితే సింహం బొమ్మ. ఎముకల మీద కండ పడాలన్నాడుగా, అన్నంత పనీ చేశాడనుకున్నాను. మూత కూడా తీయలేదు. అదే గుడ్డ చుట్టి, నాలుగు కుట్లు వేసి, మర్నాడే తిప్పి పంపాను. ఏదైనా రాద్దామని కలం తీసి, వీళ్ళకి ఒక్క అక్షరం కూడా దండగ అని మూసేశాను.

మార్చి చివర్లో వచ్చిన నీ ఉత్తరం విప్పలేదు. తర్వాతదీ విప్పలేదు. అమ్మ సంగతి నువ్వన్న మాట లోపల గుచ్చుకుని ఉంది, చల్లారలేదు. రెండూ సొరుగులోనే ఉండిపోయాయి. ఇవాళ స్టాంపు కోసం సొరుగు లాగితే చేతికి తగిలాయి, ఇప్పుడే చదివాను.

జిమ్ము నంబరుకి ఫోన్ చేశాను. నా దగ్గరున్నది పాతదట, ఎవరో తీసి రాంగ్ నంబర్ అన్నారు. ఇంటి నంబరు మనం ఫోన్లో అరుచుకున్నప్పుడు నేనే చించి పారేశాను. ఈ ఉత్తరం పోస్టులో వేసి, దొరికిన బండి ఎక్కుతున్నాను. ఏది ముందు చేరుతుందో తెలియదు.

వాడి కళ్ళు చూడు. కిటికీ దగ్గరకి తీసుకెళ్ళి చూడు.

అన్నయ్య


మే 19

అన్నయ్యకు,

నీ ఉత్తరం నీ తర్వాత వచ్చింది. అప్పటికి నువ్వు మాతో పాటు ఆసుపత్రి వరండాలో ఉన్నావు. నిన్న ఇల్లు ఊడుస్తుంటే తలుపు కింద దొరికింది. చదవనా వద్దా అని ఆలోచించి చదివాను.

వాణ్ణి ఇంటికి తెచ్చాం. కళ్ళలో పచ్చదనం ఇంకా ఉంది. కాలేయం నెమ్మదిగా కోలుకుంటుందట. కిడ్నీలు మాత్రం పూర్తిగా కోలుకోవని, బతికినన్నాళ్ళూ మందులు వాడాలని, బరువులెత్తడం మర్చిపోవాలని డాక్టరు చెప్పింది. ఆవిడ చెప్పిన ఇంకో మాట నువ్వు వినలేదు, అప్పుడు నువ్వు మెట్ల దగ్గరున్నావు. "మార్చిలో ఆపారు కదా, అప్పుడే తగ్గడం మొదలైంది. అలాగే ఉంచి ఉంటే దురదతో పోయేది. మళ్ళీ మొదలుపెట్టాకే కిడ్నీల దాకా వెళ్ళింది. ఎందుకు మొదలుపెట్టారు?" అని అడిగింది.

నువ్వు వరండాలో ఆయన చొక్కా పట్టుకుని అందరిలో దులిపేశావు. ఆయన చొక్కా సర్దుకుని మందులు తేవడానికి వెళ్ళారు, చూశావా? తర్వాత డాక్టరుకి చిరునవ్వు కథ మొదలుపెట్టావు. పాపం ఆవిడ వాచీ చూసుకుంటూ నిలబడింది. అప్పుడు కూడానా అన్నయ్యా?

కానీ ఆ పాలు కలిపింది నేను. నువ్వు ఉత్తరాలు సొరుగులో పడేస్తావని తెలిసినదాన్ని నేను. నీ కోపం ఎరుగుదును, నీ తిట్లు ఎరుగుదును. నువ్వు ఊరుకోవడం ఒక్కటే ఎప్పుడూ చూడలేదు. అందుకే దాన్ని తప్పుగా చదివాను.

అల్మరాలో డబ్బాలన్నీ ఆయన తీసేశారు. కొన్నవాళ్ళ ఇళ్ళకి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి తాగొద్దని చెబుతున్నారు. కొందరు నవ్వారట. ఒకతను, "మీ అబ్బాయికి పడలేదేమో, నాకు పడింది" అన్నాడట. కార్డు వేసుకొచ్చే అతను ఫోన్ తీయడం లేదు.

వాడి చొక్కాలు మళ్ళీ బిగిస్తున్నాను. వదులు చేసిన కుట్లన్నీ ఒక్కొక్కటే విప్పి లోపలికి మడుస్తున్నాను. నిన్న ఒకటి తొడిగితే అద్దంలో చూసుకుని, "మామయ్య పెట్టిన పేరు మళ్ళీ సరిపోతుందమ్మా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

మిగిలిన పొడి నువ్వు పట్టుకెళ్ళావుగా. ఏదైనా తేలితే రాయి. ఏమీ తేలకపోయినా రాయి.

చెల్లి


జూన్ 6

చెల్లికి,

నీ ఉత్తరం పోస్టుమాన్ ఎదురుగానే చించి చదివాను. సొరుగుకి ఇప్పుడు తాళం వేసి, తాళంచెవి కింది ఇంటివాళ్ళకి ఇచ్చాను.

పొడి పరీక్ష అయింది. ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకున్న అమ్మాయే ఇప్పుడక్కడ పెద్ద. తనే చేసింది. స్టెరాయిడ్ ఉంది, డబ్బా మీద పేరు లేనిదే. రిపోర్టు నీకూ, డాక్టరుకీ పంపుతున్నాను. ఫిర్యాదు కూడా ఇచ్చాను. అది ఆహారం కిందికి వస్తుంది కాబట్టి వేరే ఆఫీసుకి పంపామని జవాబొచ్చింది. ఆ ఆఫీసుకీ వెళ్ళాను. మళ్ళీ వెళతాను. దీని గురించి నాలుగు పేజీలు రాసి చించేశాను. అందులో వాడి పేరు ఒక్కసారి కూడా రాలేదు.

మీ ఆయనకి విడిగా రాద్దామని కూర్చున్నాను. "బావగారికి" అని రాశాక ముందుకి సాగలేదు. ఆయన ఇల్లిల్లూ తిరుగుతున్నాడని రాశావు. ఈసారి నేను వచ్చినప్పుడు నన్నూ వెంట తీసుకెళ్ళమని అడుగు. రిపోర్టు పట్టుకుని పక్కన నిలబడతాను. నోరు విప్పను.

వాణ్ణి ఏమని పిలవాలో వాణ్ణే అడిగి రాయి. అప్పటిదాకా ఏ పేరూ పెట్టి పిలవను.

ఆ రోజు తిప్పి పంపడానికి గుడ్డలో డబ్బా పెట్టి కుట్టేటప్పుడు సూది వేలికి గుచ్చుకుంది. నీలాగా కుట్టడం నాకెక్కడ వచ్చు? విసుక్కుని దారం పళ్ళతో తెంపాను. లోపల చిన్న కాగితం ముక్క పెట్టడానికి అప్పటికింకా చోటుంది.

ఉత్తరం పొట్టిగా ఉందని అంతా బాగుందనుకోకు.

అన్నయ్య